కిబాలె అడవిలో చింపాంజీలను చూడాలంటే: ప్రయాణ నిర్ణయం నుంచి తిరుగు ప్రయాణం దాకా

తోకలేని వానరాల్లో మన దేశపు అడవుల్లో సహజంగా బతికేది ఈశాన్య రాష్ట్రాల్లోని హూలాక్ గిబ్బన్ ఒక్కటే. చింపాంజీ మనకు జూపార్కు కంచె అవతల మాత్రమే పరిచయం. అది తన సొంత అడవిలో ఎలా బతుకుతుందో చూడాలంటే ఆఫ్రికాకు వెళ్ళవలసిందే. మొదటిసారి వెళ్ళే తెలుగువారికి నేను సూచించేది పశ్చిమ ఉగాండాలోని కిబాలె జాతీయ ఉద్యానవనం. అక్కడ మీకు దొరికేది చింపాంజీల సమక్షంలో ఒక గంట. ఆ గంటకు కావలసిన డబ్బు ఎలాగో సమకూరుతుంది, నడవగలిగే ఓపిక కూడా అభ్యాసంతో వస్తుంది. వాటికన్నా ముఖ్యమైనది ఆ రోజు మీకు జలుబు, దగ్గు లేకపోవడం. దాని కారణం మామూలు ప్రయాణికుడికి తట్టదు కనుక ఆ సంగతిని ఈ మార్గదర్శిలో కొంత విపులంగా చెప్పవలసి వచ్చింది.

మొదటి అడుగు: ఏ అడవికి వెళ్ళాలో తేల్చుకోవడం

అడవి చింపాంజీల అధ్యయనానికి పేరు తెచ్చిన చోటు టాంజానియాలోని గోంబె. బ్రిటిష్ పరిశోధకురాలు జేన్ గూడాల్ 1960లో అక్కడే పని మొదలుపెట్టి, చింపాంజీలు గడ్డిపుల్లలతో చెదపురుగులను పట్టి తింటాయని లోకానికి తెలియజేశారు. గోంబె, దానికి దక్షిణాన ఉన్న మహాలె పర్వతాలు రెండూ టాంగన్యీకా సరస్సు ఒడ్డునే ఉన్నాయి. వాటిని చేరడానికి పడవలు, చిన్న విమానాలు కావాలి, ఖర్చూ ఎక్కువే. రువాండాలోని న్యుంగ్వె అడవి అందమైనదే గాని అక్కడి కొండల ఎక్కుదిగుళ్ళు మోకాళ్ళను పరీక్షిస్తాయి. ఉగాండాలోనే ఉన్న క్యాంబురా లోయలో పర్మిట్ ధర తక్కువే, చింపాంజీలు కనిపించే అవకాశం కూడా అంతే తక్కువ.

కిబాలె వీటన్నిటికన్నా సులువు. 1932లో రిజర్వు అడవిగా గుర్తించిన ఈ ప్రాంతం 1993లో జాతీయ ఉద్యానవనం అయింది. విస్తీర్ణం 795 చదరపు కిలోమీటర్లు. పదమూడు జాతుల వానరాలు ఉన్న ఈ అడవిలో చింపాంజీల సంఖ్య దాదాపు 1,500 దాకా ఉంటుందని అంచనా. ఇక్కడి సందర్శకులను తీసుకెళ్ళే కన్యాంచు ప్రాంతపు గుంపును మనుషులకు అలవాటు చేసే పని 1991లో మొదలైంది. అంటే మీరు చూడబోయే జంతువుల్లో చాలావాటికి మనిషి అవి పుట్టినప్పటినుంచీ ఎరిగిన దృశ్యమే. ఇదే అడవిలోని కన్యవారాలో హార్వర్డ్ శాస్త్రవేత్త రిచర్డ్ రాంగమ్ 1987లో ప్రారంభించిన పరిశోధన, ఎన్గోగోలో రెండువందలకు చేరిన అతిపెద్ద గుంపు మీద సాగిన పరిశోధన ప్రపంచ ప్రసిద్ధమైనవి. ఆ రెండు గుంపుల దగ్గరికీ పర్యాటకులను పంపరు.

రెండవ అడుగు: నెల ఎంచుకోవడం

కిబాలెలో వానలు ఏడాదికి రెండు విడతలు, మార్చి నుంచి మే వరకు ఒకటి, సెప్టెంబరు నుంచి నవంబరు వరకు మరొకటి. జూన్ నుంచి ఆగస్టు వరకు, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు కాస్త పొడిగా ఉంటుంది. కాలిబాటలు జారవు కనుక అందరూ అప్పుడే వస్తారు. పర్మిట్లూ అప్పుడే తొందరగా అయిపోతాయి. అయితే ఒక మెలిక ఉంది. చింపాంజీల కదలికను నిర్ణయించేది వాన కాదు, పండు. మేడి, మర్రి జాతి చెట్లు విరగకాసిన రోజుల్లో గుంపు ఒకేచోట చాలాసేపు నిలిచిపోతుంది. పండ్లు కరువైనప్పుడు ఇద్దరు ముగ్గురుగా విడిపోయి అడవంతా తిరుగుతుంది. ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో ముందుగా చెప్పే క్యాలెండరు లేదు కనుక, మీ సెలవులకు కుదిరే నెలను ఎంచుకుని మిగతాది అడవికి వదిలేయడమే సరైన పని. వర్షారణ్యంలో పొడి నెలల్లోనూ వాన పడుతుంది, రెయిన్‌కోటు మాత్రం ఇంట్లో వదలకూడదు.

మూడవ అడుగు: పర్మిట్

పర్మిట్లు ఇచ్చేది ఉగాండా వైల్డ్‌లైఫ్ అథారిటీ. నేరుగా గాని, అక్కడ నమోదైన టూర్ సంస్థ ద్వారా గాని తీసుకోవచ్చు. రెండో దారే మనకు సులువు, ఎందుకంటే వాహనం, డ్రైవరు, బస అన్నీ వాళ్ళే కుదురుస్తారు. పాస్‌పోర్టు వివరాలు పర్మిట్‌లో నమోదవుతాయి కనుక పేరులో అక్షరం తేడా రాకుండా చూసుకోండి. మన ఇంటిపేర్లు పాస్‌పోర్టులో ఎటువైపు ఎక్కాయో సరిచూసుకోవడం ఈ సందర్భంలో చాదస్తం కాదు.

రెండు రకాల సందర్శనలు ఉన్నాయి. మొదటిది మామూలు ట్రాకింగ్. గైడు వెంట చిన్న జట్టుగా నడిచి, చింపాంజీలు కనిపించిన క్షణం నుంచి ఒక గంట వాటితో గడుపుతారు. 2024 జూలైలో విదేశీయులకు దీని ధరను 250 డాలర్లు చేశారు. ఈ ధరలు కొన్నేళ్ళకోసారి పెరుగుతుంటాయి కనుక డబ్బు కట్టేముందు తాజా పట్టిక చూడాలి. రెండవది రోజంతా సాగేది. ఇంకా మనుషులకు పూర్తిగా అలవాటుపడని గుంపు వెంట, అవి తెల్లవారుజామున గూళ్ళు వదిలే వేళ నుంచి సాయంత్రం కొత్త గూళ్ళు కట్టుకునే వేళ వరకు పరిశోధకుల్లా తిరగవచ్చు. ధర బాగా ఎక్కువ, నడక ఇంకా ఎక్కువ. నా అభిప్రాయంలో మొదటిసారి వెళ్ళేవారికి మామూలు ట్రాకింగే చాలు. జంతు ప్రవర్తన మీద ప్రత్యేకమైన ఆసక్తి ఉండి, పది గంటలు అడవిలో తిరిగే ఓపిక ఉన్నవారికి మాత్రం రెండవది ఇచ్చే తృప్తి వేరు.

ట్రాకింగ్ ఉదయం, మధ్యాహ్నం జరుగుతుంది. ఉదయం అడవి చల్లగా ఉంటుంది, చింపాంజీల అరుపులు ఎక్కువగా వినిపిస్తాయి, అందుకే ఆ పర్మిట్లు ముందు అమ్ముడవుతాయి. మధ్యాహ్నం దొరికిందని నిరాశపడనక్కరలేదు. కడుపు నిండిన గుంపు ఆ వేళకు చెట్లు దిగి నేలమీద విశ్రమించడం మామూలు. చెట్టు కొమ్మల మధ్య నల్లని మచ్చలా కాకుండా ముఖాముఖి కనిపించేది అప్పుడే. పిల్లలతో వెళ్ళేవారు కనీస వయసు నిబంధనను బుకింగ్ సమయంలోనే లిఖితపూర్వకంగా నిర్ధారించుకోవాలి. అడవి గేటు దగ్గర దీనిమీద బేరాలు ఉండవు.

నాలుగవ అడుగు: ఆరోగ్యం, మీది, వాటిది

ముందు మీది. ఉగాండాలో అడుగుపెట్టడానికి ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం తప్పనిసరి. టీకా వేసిన పదవ రోజు నుంచి మాత్రమే అది చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. ఏ రోజుల్లో వేస్తున్నారో ముందుగా కనుక్కుని పాస్‌పోర్టుతో వెళ్ళాలి. గుడ్డు పడనివారు, అరవై దాటినవారు, గర్భిణులు వైద్యుడితో మాట్లాడిన తర్వాతే నిర్ణయం తీసుకోవాలి. పసుపు కార్డుగా పిలిచే ఈ ధ్రువపత్రం వెళ్ళేటప్పుడే కాదు, వచ్చేటప్పుడూ కావాలి. చెల్లే ధ్రువపత్రం లేకుండా ఉగాండా నుంచి వచ్చి భారత్‌లో దిగినవారిని ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచే అధికారం విమానాశ్రయ ఆరోగ్యాధికారులకు ఉంది.

ఉగాండాలో మలేరియా ఏడాది పొడవునా ఉంటుంది. మనం మలేరియా దేశం నుంచే వచ్చాం కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. అక్కడ ఎక్కువగా వచ్చేది ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకం. డాక్సీసైక్లిన్, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ వంటి నివారణ మాత్రల్లో మీకు ఏది తగినదో వైద్యుడే చెప్పాలి. 2022లో కంపాలా నుంచి కిబాలె వెళ్ళే దారిలోనే ఉన్న ముబెండే జిల్లాలో ఎబోలా వ్యాపించింది. ఏటా జరిగేది కాదు గాని, టికెట్లు కొనేముందు ఆరోగ్యశాఖ ప్రకటనలు ఒకసారి చూడడం మంచి అలవాటు.

ఇక వాటి ఆరోగ్యం. చింపాంజీ జన్యువులు మనవాటికి అత్యంత దగ్గర కావడం వల్ల మన వైరస్‌లు వాటికి సులువుగా సోకుతాయి, కాని వాటిని తట్టుకునే శక్తి వాటి ఒంట్లో లేదు. ఇది ఊహ కాదు, కిబాలెలోనే జరిగింది. 2013లో కన్యవారా గుంపులో శ్వాసకోశ వ్యాధి వ్యాపించి 56 చింపాంజీల్లో 5 చనిపోయాయి. కారణం రైనోవైరస్ సి, మన పిల్లలకు జలుబు తెప్పించే వైరస్. 2016 డిసెంబరు నుంచి 2017 ఫిబ్రవరి మధ్య ఎన్గోగోలో మెటాన్యుమోవైరస్ అనే మరో మానవ వైరస్ 25 ప్రాణాలను బలిగొంది. చింపాంజీ ఆడది సాధారణంగా ఐదారేళ్ళకోసారి మాత్రమే ఈనుతుంది కనుక, ఒక చలికాలపు జలుబు చేసిన నష్టం పూడడానికి ఒక తరం పడుతుంది.

అందువల్లనే మాస్కు నిబంధన, దూరం నిబంధన, జలుబు ఉన్నవారిని అడవిలోకి పంపకపోవడం. ప్రయాణానికి వారం ముందు నుంచి జనసమ్మర్దానికి దూరంగా ఉండండి, విమానంలో మాస్కు పెట్టుకోండి, ఫ్లూ టీకా వేయించుకోండి. ట్రాకింగ్ రోజును యాత్ర మొదట్లోనే కాకుండా రెండు మూడు రోజులు గడిచాక పెట్టుకుంటే విమానంలో అంటుకున్నదేదైనా ఈలోగా బయటపడుతుంది. ఆ రోజు ఉదయం గొంతులో గరగర ఉంటే గైడుకు చెప్పండి. పారాసిటమాల్ వేసుకుని, దగ్గు బిళ్ళ చప్పరిస్తూ దాచిపెట్టుకుని వెళ్ళే తెలివితేటలు దయచేసి చూపించవద్దు. ఇన్ని వేల రూపాయలు పోతాయే అన్న బాధ న్యాయమైనదే, అయినా ఆ ఖర్చుకు ప్రాణంతో చెల్లు కట్టేది మీరు కాదు.

ఐదవ అడుగు: కాగితాలు, విమానం, డబ్బు

ఉగాండా వీసాను ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి. ఒక దఫా ప్రవేశానికి 50 డాలర్లు. దరఖాస్తుకు టీకా ధ్రువపత్రం జతచేయాలి కనుక టీకా ముందు, వీసా తర్వాత. కెన్యా, రువాండా కూడా చూడదలచినవారికి మూడు దేశాలకూ చెల్లే 100 డాలర్ల తూర్పు ఆఫ్రికా పర్యాటక వీసా గిట్టుబాటు అవుతుంది. విమానాలు దిగేది విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న ఎంటెబె. ముంబయి నుంచి ఉగాండా ఎయిర్‌లైన్స్ 2023లో నేరుగా సర్వీసు మొదలుపెట్టింది. హైదరాబాదు నుంచైతే అడిస్ అబాబా గాని, దుబాయ్, దోహా గాని మీదుగా వెళ్ళవచ్చు.

డాలర్లు తీసుకెళితే కొత్త, మడతలు పడని నోట్లే తీసుకెళ్ళండి. పాత ముద్రణ నోట్లను, మాసిన నోట్లను అక్కడ తిరస్కరిస్తారు, చిన్న నోట్లకు మారకపు రేటూ తక్కువే ఇస్తారు. దారి ఖర్చులకు ఉగాండా షిల్లింగులు కావాలి. అక్కడి ప్లగ్గులు మూడు చదరపు పిన్నుల బ్రిటిష్ రకం.

ఆరవ అడుగు: దారి, బస, భోజనం

కంపాలా నుంచి ముబెండే మీదుగా ఫోర్ట్ పోర్టల్ పట్టణానికి దాదాపు 300 కిలోమీటర్లు, ఐదారు గంటల ప్రయాణం. వాహనాలు మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడుస్తాయి. ఫోర్ట్ పోర్టల్ చుట్టూ తేయాకు తోటలు, పాత అగ్నిపర్వత బిలాల్లో నిండిన సరస్సులు, ఆకాశం తేటగా ఉన్న ఉదయాల్లో పడమట ర్వెంజోరి పర్వతాలు కనిపిస్తాయి. అక్కడి నుంచి కామ్వెంగె వెళ్ళే తారురోడ్డు మీద సుమారు 35 కిలోమీటర్లు పోతే కన్యాంచు సందర్శక కేంద్రం వస్తుంది. ఉదయం ట్రాకింగ్ ఉన్నవారు అడవి అంచునే బస చేస్తే తెల్లవారుజామున హడావిడి తప్పుతుంది.

శాకాహారులకు తిండి సమస్య అనుకున్నంత లేదు. ఉడికించి మెదిపిన పచ్చి అరటి మటోకె, వేరుశనగ పులుసు, రాజ్మా లాంటి చిక్కుళ్ళు, అన్నం ఎక్కడైనా దొరుకుతాయి. గుడ్డు తినేవారికి రోడ్డు పక్క చపాతీలో ఆమ్లెట్ చుట్టి ఇచ్చే రోలెక్స్ ఉండనే ఉంది. ఆ చపాతీ ఉగాండాకు వలస వెళ్ళిన భారతీయులు ఇచ్చినదే. కంపాలాలో భారతీయ హోటళ్ళకు కొదవలేదు. కారం మాత్రం మీ ఆవకాయ సీసాలోనే ఉంటుంది, అది కూడా గదికే పరిమితం కావాలి, అడవిలోకి కాదు.

ఇక్కడివారు టూరో ప్రజలు. వీరిలో అమోటి, అక్కీకి, అబ్వోలి వంటి గౌరవనామాలు పెట్టి పిలుచుకునే ఎంపాకో ఆచారం ఉంది. 2013లో యునెస్కో దీన్ని తక్షణ రక్షణ అవసరమైన సంప్రదాయాల జాబితాలో చేర్చింది. మీ గైడు మీకూ ఒక ఎంపాకో ఇస్తే అది చిన్న మర్యాద కాదు.

ఏడవ అడుగు: దుస్తులు

నిండు చేతుల చొక్కా, దళసరి ప్యాంటు, మడమను పట్టి ఉంచే బూట్లు. ప్యాంటు అంచులను మేజోళ్ళలోకి దోపుకోవాలి. చూడడానికి వింతగా ఉన్నా దండుచీమల బారు ఒక్కసారి కాలెక్కిందంటే ఎందుకో అర్థమవుతుంది. అవి మోకాలి దాకా చప్పుడు లేకుండా పాకి, ఆ తర్వాతే కరుస్తాయి. దురదగొండి లాంటి మొక్కలు ఉంటాయి కనుక పల్చని తోట చేతొడుగులు ఉపయోగపడతాయి. ముదురాకుపచ్చ, గోధుమ రంగులు మేలు. నీళ్ళ సీసా, రెయిన్‌కోటు, రెండు అదనపు మాస్కులు సంచిలో ఉండాలి. బరువు మోయలేనివారు కన్యాంచులోనే కూలీని కుదుర్చుకోవచ్చు. చుట్టుపక్కల ఊళ్ళవారికి అడవి వల్ల వచ్చే ఆదాయాల్లో అదొకటి కనుక, అవసరం లేకపోయినా కుదుర్చుకోమనే నా సలహా.

ఎనిమిదవ అడుగు: అడవిలో నడక

కేంద్రంలో నిబంధనలు వివరించిన తర్వాత జట్లుగా విడదీస్తారు. మీ నడక వేగం గురించి సిగ్గుపడకుండా చెప్పండి, దాన్నిబట్టే జట్టు కుదురుస్తారు. నేల చాలావరకు సమతలమే, కాని వేళ్ళు, బురద గుంటలు ఉంటాయి. చింపాంజీలు పావుగంటలో దొరకవచ్చు, మూడు గంటలు పట్టవచ్చు. కిబాలెలో కనిపించే అవకాశం చాలా ఎక్కువే అయినా, అది హామీ కాదు.

గైడు ముందు వెతికేది కంటితో కాదు, చెవితో. దూరం నుంచి మొదట తక్కువ స్థాయిలో ఊ, ఊ అన్న శబ్దం మొదలవుతుంది. అది క్రమంగా వేగం పుంజుకుని, ఊపిరి లోనికీ బయటికీ పోతుండగా హెచ్చుతూ పోయి, చివరికి కీచుకేకగా పగులుతుంది. ఒకటి అరిస్తే అడవిలో వేర్వేరు దిక్కుల నుంచి మిగతావి బదులిస్తాయి. వెంటనే మగది పెద్ద చెట్టు మొదట్లో పలకల్లా లేచిన వేళ్ళను కాళ్ళతో దబదబ బాదుతుంది, ఆ మోత కిలోమీటరు దాకా వినిపిస్తుంది. గైడు అప్పుడు దారి వదిలి నేరుగా పొదల్లోకి తిరుగుతాడు. అక్కడి నుంచి నడక వేగం పెరుగుతుంది, మాటలు ఆగిపోవాలి. అడవి ఏనుగులు కూడా ఇక్కడే తిరుగుతుంటాయి, రేంజరు భుజాన తుపాకీ ఉండేది ప్రధానంగా గాలిలో పేల్చి వాటిని బెదిరించడానికే.

తొమ్మిదవ అడుగు: ఆ గంట

మాస్కు ముక్కు మీదికి లాగండి. కనీసం పది మీటర్ల దూరం మనసులో పెట్టుకోండి, గైడు ఇంకా వెనక్కి రమ్మంటే రావాలి. చింపాంజీయే మీవైపు నడిచివస్తే దారి ఇచ్చి పక్కకు జరగాలి. తినడం, ఉమ్మడం, ఫ్లాష్ వాడడం, వాటిని అనుకరిస్తూ అరవడం కూడదు. తుమ్ము వస్తే వెనక్కి తిరిగి మోచేతిలో తుమ్మాలి, మాస్కు తీసి కాదు. చింపాంజీలున్న చెట్టుకు సరిగ్గా కిందన నిలబడకపోవడం మీ సొంత మేలుకే, పైనుంచి రాలేవి పండ్లు మాత్రమే కావు.

ఒక్కోసారి మగది వెంట్రుకలు నిక్కబొడుచుకుని, కొమ్మను ఈడ్చుకుంటూ మీ పక్కగా దూసుకుపోతుంది. అది సాధారణంగా గుంపులోని ఇతర మగవాటికి చేసే బలప్రదర్శన, మీతో దానికి పేచీ లేదు. పరుగెత్తవద్దు, గైడు వెనక కదలకుండా నిలబడండి.

కెమెరా దించి చూడవలసినవి కొన్ని చెబుతాను. మేడిపండ్లు తినే చింపాంజీ గుజ్జును వెంటనే మింగదు. కింది పెదవిని దోసిలిలా ముందుకు సాచి, అందులో పిప్పిని అదిమిపెట్టి, చాలాసేపు రసం పీలుస్తుంది, మధ్యలో పెదవి చాపి పిప్పి ఎంత మిగిలిందో కళ్ళు కిందికి దించి చూసుకుని, చివరికి గింజల ఉండను ఉమ్మేస్తుంది. నేలమీద కనిపించే ఆ ఉండలే గుంపు ఇటుగా వెళ్ళిందనడానికి గైడుకు గుర్తు. రెండు మగవి కూర్చుని ఒకదాని వెంట్రుకలను ఒకటి పాయలు తీసి శుభ్రం చేసుకుంటుంటే పెదవులు చప్పరించే సన్నని శబ్దం వినిపిస్తుంది. మగవి పుట్టిన గుంపులోనే జీవితాంతం ఉండిపోతాయి, ఆడవి యుక్తవయసులో పొరుగు గుంపులకు వెళ్ళిపోతాయి. కాబట్టి ఎవరు ఎవరి వెంట్రుకలు దువ్వుతున్నారన్నది వాటి రాజకీయం, రేపటి గొడవలో ఎవరు ఎవరి పక్షమో ఇక్కడే తేలుతుంది. ఈ మగవాళ్ళ కూటమి ఎంత దూరం పోగలదో ఎన్గోగో పరిశోధకులు చూశారు. పదేళ్ళపాటు పొరుగు గుంపుల మీద దాడులు చేసి, కొన్నిటిని చంపి, 2009 నాటికి ఆ గుంపు తన భూభాగాన్ని 22 శాతం పెంచుకుంది. ఎర్ర కొలోబస్ కోతులను వేటాడి మాంసం పంచుకునేదీ ఈ మగవే. సాధుజంతువును చూడబోతున్నామనుకుని వెళ్ళినవారికి ఇది ఇబ్బందిగా ఉండవచ్చు.

లేత రంగు ముఖం, వెనక తెల్లని కుచ్చు ఉన్నవి పిల్లలు. కొన్నిటికి వేళ్ళు, ఒక్కోసారి మణికట్టు కూడా ఉండదు. చిన్న జింకలు, అడవి పందుల కోసం ఊరివారు పెట్టిన తీగ ఉచ్చుల ఫలితం అది. ఉచ్చులు ఏరే బృందాలు అడవిలో తిరుగుతూనే ఉంటాయి.

ఫొటోల విషయానికొస్తే, ఆకుల గుడారం కింద వెలుతురు ఎంతో తక్కువ. జూమ్ లెన్సు f/2.8 అయితే మేలు, ఐఎస్ఓ 3200 పైన పెట్టడానికి జంకవద్దు. చెట్టు మీది చింపాంజీని ఆకాశం నేపథ్యంలో తీస్తే నల్లని నీడగా మిగులుతుంది, ఎక్స్‌పోజర్‌ను ఒకటి రెండు మెట్లు పెంచాలి. ఫోనే ఉంటే వీడియో తీయండి, అరుపులైనా దక్కుతాయి. గంట ముగిసిందని గైడు చెప్పగానే కదలండి. ఇంకో అయిదు నిమిషాలు అంటూ నోటు చేతిలో పెట్టే అలవాటును మన ఊళ్ళోనే వదిలిరావాలి.

పదవ అడుగు: మిగిలిన పూట, తిరుగు ప్రయాణం

ఉదయం ట్రాకింగ్ ముగించినవారికి మధ్యాహ్నం చేయదగిన పని, కన్యాంచుకు దగ్గర్లోనే గ్రామస్థులు నిర్వహించే బిగోడి చిత్తడినేలలో నడవడం. నీలిరంగు పెద్ద టురాకో పిట్ట, కొలోబస్ కోతులు అక్కడ తీరిగ్గా కనిపిస్తాయి. గైడుకు, వెంట వచ్చిన రేంజరుకు బహుమానం ఇవ్వడం ఆనవాయితీ.

మలేరియా మాత్రలను తిరిగివచ్చాక కూడా కొనసాగించాలి. డాక్సీసైక్లిన్ అయితే నాలుగు వారాలు, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే ఏడు రోజులు. వచ్చిన మూడు నెలల లోపు జ్వరం తగిలితే ఇంటి మందులతో కాలయాపన చేయకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి, ఉగాండా వెళ్ళివచ్చానని వైద్యుడికి మొదటి మాటగా చెప్పండి.